ఇరవై ఒకటో రోజు ధనిష్ఠ

ఇప్పుడు నేను లేచి బావి దాకా నడిచి, చిన్న చెంబుతో నీళ్లు తెచ్చుకోగలుగుతున్నాను. మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని నిలబడాలి, అంతే. కాబట్టి రాయగలననే ధైర్యం వచ్చింది. రాయమని నన్నెవరూ అడగలేదు. నా ఈడు ఆడవాళ్లు, కొడుకులు వేరుపడుతుంటే తలుపు చాటున నిలబడి తలూపబోయేవాళ్లు, ఎవరైనా దీన్ని చదివించుకుని వింటే ఒక్క క్షణం ఆగుతారేమోనని రాస్తున్నాను. నా గుండె దడ తగ్గడానికి కూడా. అబద్ధం ఎందుకు?

నా పేరు అనసూయమ్మ. అరవై దాటాయి. మా ఆయన సూర్యాపేటలో బట్టల దుకాణం నడిపేవాడు. ఆయన పోయి ఆరేళ్లు. పోయిన రెండేళ్లకు కొడుకులు వేరుపడ్డారు. పెద్దవాడు నర్సయ్యకు ఇల్లూ దుకాణమూ వచ్చాయి. చిన్నవాడు వెంకటయ్యకు పెన్‌పహాడ్ దగ్గరి పొలం వచ్చింది. వాడికి వ్యవసాయం చేతకాదు. పొలం కౌలుకిచ్చి, పెళ్లాంబిడ్డలతో కోదాడ పోయి ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరాడు.

పంపకాలనాడు నలుగురు పెద్దమనుషులు మా వసారాలో కూర్చున్నారు. గంగాళాలు, బిందెలు తక్కెడలో తూచి పంచారు. నన్ను చివరన పంచారు. తూచడానికి వీలుకాదు కనుక నెలలు చేశారు. పెద్దవాడి దగ్గర మూడు నెలలు, చిన్నవాడి దగ్గర మూడు నెలలు. మూడో అమావాస్య వెళ్లిన విదియ నాడు వంతు మారాలి. "నీకు సమ్మతమేనా తల్లీ" అని ఒకాయన అడిగాడు. తలుపు చాటు నుంచి తలూపాను. తలుపు చాటున ఊపిన తల ఎవరికి కనబడుతుంది? అయినా సమ్మతమే అని కాగితం మీద రాసుకున్నారు.

అప్పటి నుంచి నా బతుకు ఒక ట్రంకు పెట్టె, ఒక బొంత, ఒక ఇత్తడి చెంబు. సూర్యాపేటలో దుకాణం వెనక బట్టల తానులు పేర్చే అర్రలో పడక. మా ఆయన బతికుండగా ఆ ఇంట్లో నడిమి గది నాది. కోదాడలో కిరాయి ఇంటి పెరటి వసారాలో, రోలు పక్కన, గాలి కొట్టకుండా గోనెపట్టా కట్టి పడక. ఇక్కడ రెండు చీరలు పైకి తీసి ఆరేసుకునేలోపు అక్కడికి పోయే విదియ వచ్చేది. నాలుగేళ్లుగా ట్రంకు పెట్టె అడుగున ఏముందో చూసుకోలేదు.

నాకున్న గౌరవం ఒక్కటే, పంచాంగం. మా నాయన నాకు అక్షరాలు నేర్పింది అందుకే. తిథి, వారం, నక్షత్రం, వర్జ్యం నాలుక మీద ఉంటాయి. సూర్యాపేటలో మా వాడకట్టు ఆడవాళ్లు బిడ్డను అత్తగారింటికి పంపాలన్నా, కొత్త కుండ పొయ్యి మీద పెట్టాలన్నా నన్నడిగేవాళ్లు. అడిగితే నాకు ఎక్కడలేని గర్వం. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అనే సామెత చాలాసార్లు ఇతరులను ఉద్దేశించి వాడాను.

ఆషాఢం, సూర్యాపేట

సర్కారు మారి, మిలిటరీ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. పేటలో సంధ్య కాకముందే దుకాణాలు కట్టేసేవారు. ఆషాఢ బహుళ ఏకాదశి నాడు నేను ఉపవాసం ఉన్నాను. సాయంత్రానికి వెన్నులో చలి పుట్టింది. ఉపవాసం వల్లనేమో అనుకున్నాను. ద్వాదశి పారణ చేసినా చలి పోలేదు. త్రయోదశికి తల ఎత్తలేకపోయాను. తానుల మధ్య పడుకుంటే కొత్త బట్ట గంజి వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని.

చతుర్దశి నాడు నర్సయ్య డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు ఇంటి అరుగు మీద బల్ల ఉంది, బల్ల నిండా మనుషులు. నన్ను అక్కడ కూర్చోబెట్టి, దుకాణంలో ఎవరూ లేరని చెప్పి వాడు వెళ్లాడు. పొద్దున కూర్చున్నదాన్ని ఎండ అరుగు మీదికి వచ్చేదాకా కూర్చున్నాను. పక్కన ఎవరో పల్లెటూరి ఆడమనిషి, చంకలో దగ్గుతున్న పిల్ల. నేను ఒరిగిపోతుంటే చూసి, పిల్లను అటు చంకకు మార్చి ఇటు భుజం నాకిచ్చింది. పేరు అడగలేదు. నాకంటే ముందు ఆమె వంతు వచ్చినా, కంపౌండరు పిలిచినా, "ఈ పెద్దమ్మను ముందుగాల సూడుండ్రి" అని నన్ను పంపింది. వంతు అనే మాట మీద నాకు ఇంత కోపం ఉన్నా, తన వంతు వదులుకున్న మనిషి ఒకతె కనబడిందని ఇక్కడ చెప్పుకోవాలి.

డాక్టరు చెప్పింది మూడు మాటలు. ఇది ఇరవై ఒక్క రోజుల జ్వరం. అన్నం పెట్టవద్దు, బార్లీ నీళ్లే. మనిషిని కదిలించవద్దు.

ఆ మూడో మాట మా ఇంట్లో నిలబడలేదు. అమావాస్య నాడు తానుల అవతల పెద్ద కోడలు అండాలు, నర్సయ్య మాట్లాడుకోవడం వినబడింది. జ్వరంలో చెవులు మరీ బాగా పనిచేస్తాయి.

"ఎల్లుండి విదియ," అంది అండాలు. "జరం పేరు జెప్పి ఈసారి ఆపితే, రేపు వాళ్లు ఇంకో పేరు జెప్పి ఆపుతరు. అప్పుడు ఏమంటవ్?"

"డాక్టరు కదిలియ్యద్దన్నడే."

"కోదాడల డాక్టర్లు లేరా?"

నర్సయ్య నోరు లేనివాడు కాదు. గజం బట్ట దగ్గర గంట సేపు వాదించగలడు. ఆ రోజు తల్లి కోసం రెండో మాట రాలేదు. అండాలును ఒక్కదాన్నే తిట్టుకుంటే నాకూ సుఖంగా ఉండేది కానీ, కాగితం మీద ఉన్నదే ఆమె అడిగింది. ఆ కాగితానికి నేనే తలూపాను కదా.

విదియ నాడు, జ్వరం ఏడో రోజున, బొంతలో చుట్టి నన్ను బస్సెక్కించారు. మునగాల దగ్గర మిలిటరీ వాళ్లు బస్సు ఆపి అందరినీ దింపి మూటలు విప్పించారు. నన్ను దిగమని ఒక జవాను కేక వేసి, దగ్గరికి వచ్చి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, తన నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. మా భాష రాదు. నర్సయ్యను ఏదో గట్టిగా అడిగాడు. ఏమన్నాడని అడిగితే నర్సయ్య ఏమీ లేదన్నాడు. ఇంత జ్వరంలో మనిషిని ఎక్కడికి తీసుకుపోతున్నావని అడిగి ఉంటాడని నా అనుమానం.

శ్రావణం, కోదాడ

చిన్న కోడలు కమలది నందిగామ వైపు. మాట మర్యాదగా ఉంటుంది. నన్ను ఆ స్థితిలో చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. నా కోసమో, తన మీద పడ్డ చాకిరీ కోసమో తెలియదు, రెండింటికీ అయినా తప్పు లేదు. రోలు పక్కన పడక వేసింది. బట్టలు మార్చింది. పదిహేను రోజులు విసుక్కోకుండా చేసింది. ఈ మాట దాచిపెడితే నా నాలుక పడిపోవాలి.

ఆ రోజుల గురించి నాకు తెలిసింది తక్కువ. వాన పడుతుండేది. గోనెపట్టా తడిసి బరువెక్కి గాలికి గోడను కొట్టుకునేది. ఆ చప్పుడు మా ఆయన దుకాణంలో బట్ట దులిపే చప్పుడులా ఉండి, లేచి అన్నం వడ్డించాలని కంగారు పడేదాన్ని. నాలుక చెక్క అయింది. తలదువ్వితే జుట్టు జుట్టుగా చేతిలోకి వచ్చేది. అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది చావు కాదు. ఇక్కడ పోతానా, అక్కడ పోతానా, ఎవరి వంతులో పోతే ఎవరు సాధిస్తారు అనే లెక్క. చచ్చేవాళ్లకు ఉండాల్సిన ఆలోచన ఇదా? నాకు మాత్రం ఇదే ఉండింది.

కోదాడ వైద్యుడు రోజు విడిచి రోజు వచ్చి నాడి చూసేవాడు. ఇరవై ఒకటో రోజే గండం, అది దాటితే బతుకుతుంది అన్నాడు. కమల గోడ మీద పసుపుతో రోజుకొక బొట్టు పెట్టడం మొదలుపెట్టింది.

పున్నమి నాడు నాకు కొంచెం తెలివి వచ్చింది. ఇరవయ్యో రోజు. కమల గుమ్మంలో నిలబడి అడిగింది.

"అత్తయ్యగారూ, రేపు ఏ నక్షత్రమండీ?"

ఎన్ని రోజులకు ఒక మనిషి నన్ను ఒక సంగతి అడిగింది! నీళ్లు తాగుతావా, ఒంటికి పోతావా అని కాదు, నాకు తెలిసిన సంగతి. నా ప్రాణం లేచి వచ్చింది. దిండు మీద తల కొంచెం ఎత్తి మరీ చెప్పాను. శ్రావణ పున్నమికి శ్రవణం ఉంటుంది, రేపు ధనిష్ఠ, రేపటి నుంచి ఐదు రోజులు ధనిష్ఠా పంచకం, శుభానికీ పనికిరాదు అశుభానికీ పనికిరాదు అని. ఎవరి బిడ్డకో ముహూర్తం చూస్తున్నారనుకున్నాను.

"అలాగా అండీ," అని కమల లోపలికి వెళ్లిపోయింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆ ఐదు నక్షత్రాల్లో ఇంట్లో మనిషి పోతే ఆ ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి. తాళం వేసి అందరూ బయటికి పోవాలి. లేకపోతే వెంటనే ఇంకో చావు వస్తుందంటారు. సూర్యాపేటలో మా వాడకట్టులో ఒక కుటుంబాన్ని పసిపిల్లలతో సహా ఈ మాట చెప్పి ఇల్లు ఖాళీ చేయించింది నేనే. వానలో గిన్నెలు నెత్తిన పెట్టుకుని పోతుంటే కిటికీలోంచి చూశాను. శాస్త్రం కదా అనుకున్నాను.

మధ్యాహ్నం వెంకటయ్య వచ్చి నా మంచం పక్కన నిలబడ్డాడు. కూర్చోలేదు.

"అమ్మా, ఇంటాయనకు ఎవరో చెప్పిండ్రు. ఒప్పుకుంటలేడు. ఆరు నెలలు తాళమేస్తే నాకు కిరాయి ఎవరిస్తరంటున్నడు. ఈ ఐదు రోజులే. మిల్లుల తవుడు కొట్టం ఉన్నది, గాలి మంచిగొస్తది."

"నేను రేపే పోతనని ఎవరన్నరురా?"

"ఎవరన్లే. ఒకవేళ…"

ఇంటాయనకు చెప్పిన ఎవరో ఎవరు? కమలే చెప్పి ఉండాలి. కమలకు చెప్పింది నేను. నా నోటితో నేనే నన్ను బయటపెట్టుకున్నాను.

నలుగురు మిల్లు హమాలీలు మంచంతో సహా ఎత్తారు. వీధిలో ఆడవాళ్లు అరుగుల మీద నిలబడి చూశారు. కళ్లు మూసుకుంటే శవం అనుకుంటారని కళ్లు తెరిచే ఉంచాను.

తవుడు కొట్టంలో బస్తాలు పక్కకు జరిపి మంచం వేశారు. ఊపిరి పీలిస్తే తవుడు, నాలుక మీద తవుడు. గాలి మంచిగా వచ్చే మాట నిజమే, వానతో పాటు వచ్చింది. కమల పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బార్లీ నీళ్లు తెచ్చేది. తడికె బయటే నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ గిన్నె లోపలికి జరిపేది. వెంకటయ్య మిల్లు లెక్కల మధ్య వచ్చి తొంగిచూసి పోయేవాడు. బతికున్నానా లేదా అని.

అక్కడ తవుడు జల్లించే ఆమె పేరు మరియమ్మ. పాలకీడు నుంచి వచ్చి కోదాడలో స్థిరపడ్డ కుటుంబం. ఇరవై ఒకటో రోజు పొద్దెక్కిన తర్వాత నా గొంతు ఎండిపోయి మాట రాలేదు. చెంబు ఖాళీ. కమల రావడానికి సాయంత్రం కావాలి. మరియమ్మ జల్లెడ పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

"నీళ్లు నాకాడ ఉన్నయమ్మ," అంది. "నేనిస్తె తాగుతవా, కోడలొచ్చేదాక ఆగుతవా? నువ్వే చెప్పు."

ఆమె నన్ను ఎగతాళి చేయలేదు. ఎన్నో ఇళ్ల ముందు ఎన్నోసార్లు దెబ్బతిని నేర్చుకున్న జాగ్రత్త అది. నేను ఎంతసేపు ఆలోచించానో రాయడానికి సిగ్గుగా ఉంది. ప్రాణం పోతుంటే కూడా ఆలోచించాను. చివరికి చెయ్యి చాపాను. ఆమె నా తల తన చేతి మీద ఎత్తి పట్టుకుని చిన్న చిన్న గుక్కలుగా తాగించింది. మూడో గుక్కకు నాకు ఏడుపు వచ్చింది. ఆమె తుడిచింది. ఆ మధ్యాహ్నమే చెమట పట్టింది. బొంత తడిసిపోయేంత చెమట. చెయ్యి పట్టి చూసి మరియమ్మే ముందు చెప్పింది, జ్వరం దిగిందని. ఆ రోజు ధనిష్ఠ. నేను పోలేదు.

ఐదు రోజులు గడిచాక ఇంటికి తీసుకుపోతారని ఎదురుచూశాను. ఆరో రోజు వెంకటయ్య వచ్చి తల గీరుకున్నాడు. చావుకని బయటపెట్టిన మనిషిని శాంతి చేయించకుండా గడప దాటించకూడదని ఇంటాయన అంటున్నాడట. శాంతికి మంచిరోజు ఈ వారం లేదట. వచ్చేది భాద్రపదం, శూన్యమాసం. ఆశ్వయుజం దాకా ఆగాలట.

"అప్పటిదాక ఈ తవుట్లనే ఉండాల్నా?" అన్నాను.

"అన్నకు కబురు చేసిన. వంతు నీదే గదా అన్నడు," అన్నాడు వాడు. "అందుకే మిర్యాలగూడకు కబురు పంపిన. చెన్నమ్మత్తకు," అన్నాడు.

ఆ పేరు వినగానే దిగిన జ్వరం మళ్లీ ఎక్కినట్టయింది.

చెన్నమ్మ

చెన్నమ్మ మా ఆయన చెల్లెలు, నా ఆడబిడ్డ. పద్నాలుగేళ్లకు మొగుడు పోతే పుట్టింటికి వచ్చింది. ముప్పై ఏళ్లు మా ఇంట్లోనే ఉంది. వండింది, తోమింది. వెంకటయ్య పుట్టినప్పుడు నేను ఆరు నెలలు మంచం పడితే వాడిని తన పక్కలో పెట్టుకుని పెంచింది.

మా ఆయన కర్మలన్నీ అయిన మరునాడు నేను ఆమెను పిలిచి చెప్పాను. ఒక ఇంట్లో ఒక విధవ ఉంటే తప్పదు, ఇద్దరు ఎదురొస్తుంటే దుకాణానికి అరిష్టం. మీ అత్తగారి ఊరు మిర్యాలగూడ ఉంది, అక్కడ నీకు హక్కు ఉంది, వెళ్లమన్నాను. పంచాంగం చూసి మంచిరోజు కూడా నేనే పెట్టాను. ఆమె బొంత చుట్టుకుని బండెక్కింది. అత్తగారి వాళ్లు గడప ఎక్కనివ్వలేదని తర్వాత ఎవరో చెప్పారు. అయ్యో అన్నాను. అన్నాక భోజనానికి లేచాను.

అసలు సంగతి అరిష్టం కాదు. ఆయన పోయాక ఆ ఇంట్లో పెద్దదిక్కుగా ఒక్క మనిషికే చోటుందని నాకు తెలుసు. ఆ చోటు నాకు కావాలి. రెండేళ్లు దక్కింది.

మూడో రోజు చెన్నమ్మ తవుడు కొట్టానికి వచ్చింది. సన్నబడింది, జుట్టు తెల్లబడింది. నన్ను చూసి, బస్తాలను చూసి, వెంకటయ్య వైపు తిరిగింది.

"గీడనా పెట్టింది?" అంది.

ఆమె నా బొంత దులిపి, నా ట్రంకు పెట్టె తనే మోసుకుపోయి బండిలో పెట్టింది. నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. హుజూర్‌నగర్ మీదుగా పోయాము. మూసీ పొంగి ఉంది. నీళ్లు తగ్గేదాకా ఒడ్డున ఒక పూట ఆగాము. గంజి నోట్లో పోసింది, ఎండ తగలకుండా చీర అడ్డం కట్టింది. మాట మాత్రం లేదు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

భాద్రపదం నుంచి, మిర్యాలగూడ

చెన్నమ్మది ఒక గూనపెంకుల ఇంటి వెనక కిరాయి అర్ర, ముందు చిన్న వసారా. ఆమెతో ఇంకా ఇద్దరు ఉంటారు. హాలియా నుంచి వచ్చిన ఒకామె, ఊళ్లోనే కోడలితో పడక వచ్చిన ఇంకొకామె. ముగ్గురికీ యాభై పైనే. మోదుగాకులు తెప్పించుకుని విస్తర్లు కుట్టి పెళ్లిళ్లకు, పూటకూళ్ల ఇళ్లకు ఇస్తారు. మూడు చాపలు, ఒక పొయ్యి. నేను వచ్చాక నాలుగో చాప వేశారు.

మొదటి వారం నేను అడిగాను, ఎవరు ఏ రోజు వండుతారు, వంతు ఎట్లా అని. హాలియా ఆమె నవ్వింది. "వంతులెందుకమ్మా? ఎవరికి చాతనైతే వాళ్లు లేస్తరు. ఎవరికీ చాతకాకపోతే అటుకులు తింటం." నాలుగేళ్లలో నేను విన్న మంచి మాట అది.

నడవడం మళ్లీ నేర్చుకున్నాను. మొదట గోడ దాకా, తర్వాత వసారా దాకా, తర్వాత బావి దాకా. వేళ్లకు బలం వచ్చాక ఈనెపుల్ల పట్టుకుని ఆకులు కుట్టడం మొదలుపెట్టాను. నా మొదటి విస్తరిలో పప్పు పోస్తే కారిపోతుందని మిగతా ఇద్దరూ ఎగతాళి చేశారు. చెన్నమ్మ నవ్వలేదు. అవసరమైన మాటలే మాట్లాడేది. గంజి తాగు. జరుగు. వాన వస్తది, లోపలికి రా. నా ఒళ్లు తుడిచింది, మలమూత్రాలు ఎత్తింది, ముఖం చూసి ఒక్క మాట అనలేదు. ఒకటి రెండుసార్లు పాత సంగతి ఎత్తబోయాను. లేచి బావి దగ్గరికి పోయేది.

నా ఈడు తల్లులారా, ఈ మధ్యలోనే ఒక మాట చెప్పేస్తాను, చివర్లో మరిచిపోతానేమో. వంతులకు ఒప్పుకోకండి. ఇల్లు పంచేనాడే ఒక అర్ర మీ పేరున అడగండి, పశువుల కొట్టం పక్కదైనా సరే. తలుపు చాటున కాదు, బయటికి వచ్చి నోరు తెరిచి అడగండి. కొడుకులు చెడ్డవాళ్లని కాదు. నా కొడుకులు తాగుబోతులు కారు, చెయ్యి చేసుకున్నవాళ్లు కారు. కానీ ఎక్కడ పెట్టినా ఉండే మనిషిని చివరికి తవుట్లో పెడతారు. ఇంకొకటి. మీకంటే దిక్కులేని ఆడది మీ ఇంట్లో ఉంటే, ఆమెను ముందు చూసుకోండి. ఈ రెండో మాట చెప్పే మొహం నాకు లేదు. అయినా చెబుతున్నాను.

కార్తీకం

దీపావళి వెళ్లిన విదియ నాడు పొద్దున నర్సయ్య వచ్చాడు. చేతిలో కోవా పొట్లం, భుజం మీద కొత్త తువ్వాలు. నన్ను చూసి, చిక్కిపోయినవమ్మా అన్నాడు. వసారాలో ఆకుల మధ్య ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే ఉన్నాడు.

"వంతు వచ్చిందమ్మా," అన్నాడు. "మధ్యాన్నం బస్సున్నది. తానుల అర్ర కడిగిచ్చిన."

నేను చేతిలో ఆకు కింద పెట్టాను. రాత్రుళ్లు పడుకుని ఈ ఘడియ గురించి ఎన్నోసార్లు అనుకున్నాను. ఎన్నో మాటలు సిద్ధం చేసుకున్నాను. జ్వరం ఏడో రోజు బస్సు, మునగాల జవాను, వంతు నీదే గదా అని పంపిన కబురు, అన్నీ వాడి ముందు పరవాలనుకున్నాను. తీరా వాడు ఎదురుగా నిలబడితే ఒక్కటే వచ్చింది.

"నేను రాను, నర్సయ్యా."

వాడు నమ్మలేదు. రెండోసారి చెప్పాను. అప్పుడు వాడికి కోపం వచ్చింది. పేటలో ఇప్పటికే నలుగురూ అడుగుతున్నారట. తల్లి ఎవరి పంచనో కూర్చుని విస్తర్లు కుడుతున్నదంటే దుకాణానికి వచ్చేవాళ్లు ఏమనుకుంటారు, పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితానికి విలువేముంది అన్నాడు. నేను ఎట్లా బతికానో అడగలేదు. అడుగుతాడని చాలాసేపు చూశాను. నా మనసులో వాడి కోసం మిగిలిన మెత్తదనం ఆ వసారాలోనే అయిపోయింది.

నాతో లాభం లేదని చెన్నమ్మ వైపు తిరిగాడు. ఆమె గోడకు ఆనుకుని ఆకులు కుడుతోంది.

"అత్తా, నువ్వన్న చెప్పు. ఎన్ని రోజులని నీ మీద పడుంటది?"

చెన్నమ్మ తల ఎత్తలేదు. "నన్నెందుకు అడుగుతవ్ బిడ్డా? గీడ ఉంటనని ఆమె నన్నింకా అడగనే లేదు."

అది నిజం. రెండు నెలల పైన అయింది. ఆమె గంజి తాగాను, ఆమె చాప మీద పడుకున్నాను, రానని కొడుకుకు ధైర్యంగా చెప్పేశాను. ఉండనిస్తావా అని మాత్రం అడగలేదు. నాకు అక్కడ హక్కు ఉన్నట్టే మాట్లాడాను. ఏ హక్కుతో? పక్క ఇద్దరు ఆడవాళ్లు కుట్టడం ఆపేశారు. నర్సయ్య చూస్తున్నాడు. కొడుకు ముందు, కూలి మనుషుల ముందు, నేను వెళ్లగొట్టిన మనిషిని అడుక్కోవాలి. ఆమె కాదంటే మధ్యాహ్నం బస్సు, తానుల అర్ర, మూడు నెలలకు మళ్లీ కోదాడ, ఏదో ఒక శ్రావణంలో మళ్లీ తవుడు.

నేను కూర్చున్న చోటు నుంచే ఆమె ఎదురుగా జరిగాను.

"చెన్నమ్మా, నన్ను గీడ ఉండనిస్తవా?"

ఆమె చేతిలో ఉన్న విస్తరి చివరి ఆకు దాకా కుట్టి, పుల్ల విరిచి, కట్టలో పెట్టింది.

"ఉండు వదినె," అంది. "చోటున్నది."

నాకు దుఃఖం ఆగలేదు. ఆమె చెయ్యి పట్టుకోబోయాను. "ఆనాడు నిన్ను పంపిచ్చి నేను…" అన్నాను.

"ఆ మాట మాత్రం అనకు," అంది ఆమె, చెయ్యి వెనక్కి తీసుకుని. గొంతు పెంచలేదు. మొదటిసారి నా కళ్లలోకి చూసింది. "నీకు జరం రాకపోతే, నీ కొడుకులు నిన్ను నడిమింట్ల కూసోబెట్టి మంచిగ అర్సుకుంటే, చెన్నమ్మ ఉన్నదా పోయిందా అని ఎవలనన్న అడుగుదువా? సూటిగ చెప్పు. అడుగుదువా?"

నర్సయ్య నా వైపు చూశాడు. తల్లి ఏదో ఒకటి చెప్పి సర్దుతుందనుకుని ఉంటాడు. అబద్ధం చెప్పడానికి చాలా మాటలు ఉన్నాయి. ఆరేళ్లు నేను చెప్పుకున్న మాటలే.

"అడగను," అన్నాను.